తాళంచెవి ఎవరిది?

మా చెల్లెలు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, “అక్కా! చిన్నోడికి ట్రక్కు కొన్నాం” అంది.

నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ట్రక్కనగానే నా కళ్ళముందుకొచ్చి నిలబడింది తెనాలిలో రైసుమిల్లు ముందు బస్తాలెత్తుకునే లారీ. వెనక హారన్ కొట్టమని పెద్ద పెద్ద అక్షరాలు, ముందు నిమ్మకాయలూ, మిరపకాయలూ. దాని స్టీరింగు దగ్గర బుగ్గ గిల్లితే పాలు కారేట్టుండే మా చిన్నోడు!

“ఏమే, వాడు చదువు మానేశాడా?” అన్నాను, గొంతు పెగుల్చుకుని.

అది పకపకా నవ్వింది. “లారీ కాదక్కా, పికప్. ఇక్కడ పదహారేళ్ళొస్తే మగపిల్లలకి అదో ముచ్చట. ఎండాకాలం వస్తున్నావుగా, నువ్వే చూద్దువుగాని.”

వెళ్ళాను, చూశాను. చూశాక నాకు తోచిన నాలుగు మాటలూ మీతో చెప్పుకోకపోతే నిద్రపట్టేట్టు లేదు.

పికప్ అంటే ఏమిటో చూడని వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే – ముందు సగం కారు, వెనక సగం ఎడ్లబండి. ముందు ఇద్దరో ముగ్గురో కూర్చునే గది, వెనక పైకప్పు లేని ఇనపతొట్టి. తొట్టికి వెనకవైపు తలుపు తీసి కిందికి వాలిస్తే అరుగులాగా ఉంటుంది. దానిమీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే, ఆ మాటకొస్తే, మన ఊళ్ళో వీధరుగుకి ఏమీ తీసిపోదు.

మావాడి బండి వాడికంటే వయసులో పెద్దది. ఏ కంపెనీదో చెప్పను. చెబితే ఇంకో కంపెనీ బండి ఉన్నవాళ్ళు నాతో మాట్లాడరు. అక్కడ ఆ పట్టింపు మన సినిమా హీరోల అభిమానుల పట్టింపు కంటే తక్కువేం కాదు. రంగు వెలిసిన నీలం. ఖరీదు 4,500 డాలర్లు. అందులో సగం చిన్నోడి సొంతం. రెండు ఎండాకాలాలు ఇరుగుపొరుగు ఇళ్ళల్లో గడ్డి కోసి, శని ఆదివారాలు కిరాణా దుకాణంలో సరుకులు సంచుల్లో సర్ది కూడబెట్టుకున్నది. మిగతా సగం మా మరిది ఇచ్చాడు. ఇస్తూ మూడు షరతులు పెట్టాడు. ఒకటి, వారానికోసారి ఆయిలూ, టైర్లలో గాలీ చూడాలి. రెండు, చేసిన ప్రతి పనీ ఒక పుస్తకంలో రాయాలి. మూడు, బండికి ఏం జరిగినా ఆ రోజే తనకి చెప్పాలి. దాస్తే తాళంచెవి వెనక్కి.

మూడో షరతు గుర్తుపెట్టుకోండి. కథంతా దాని దగ్గరే ఉంది.

“ఎదిగీ ఎదగని పిల్లాడి చేతికి అంత ఇనుము అప్పజెప్పారు, వీళ్ళకి భయం లేదా?” అని మొదటి వారమంతా నాకు ఒకటే మథన. ఊరుకోలేక ఆ ఊరి లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను. కథలు రాసేవాళ్ళకి ఇదో జబ్బు. ఏదైనా అర్థం కాకపోతే దాని పుట్టుపూర్వోత్తరాలు తవ్వితేగాని తోచదు.

తవ్వితే తేలిందేమిటంటే, పికప్‌ని మొదట తయారుచేసింది కంపెనీలు కాదు, రైతులు. 1908లో హెన్రీ ఫోర్డ్ ‘మోడల్ టి’ కారు 850 డాలర్లకి అమ్మకానికి పెట్టాడు. ఏడాది ఏడాదికీ ధర తగ్గుతూ వచ్చేసరికి పల్లెటూరి కాపుకి కూడా అందుబాటులో కొచ్చింది. కొన్న రైతు ఊరుకుంటాడా? వెనక సీటు ఊడబీకి చెక్కతొట్టి బిగించేవాడు. ఆదివారం చర్చికి పెళ్ళాం పిల్లల్ని ఎక్కించేదీ ఆ బండే, సోమవారం సంతకి పందుల్ని ఎక్కించేదీ ఆ బండే.

అంతటితో ఆగితే రైతెందుకవుతాడు? వెనక చక్రం నేలమీంచి పైకెత్తి, దానికో బెల్టు తగిలించి, రంపం తిప్పేవాడు, నీళ్ళు తోడేవాడు. ఇది వింటే మీకు ముచ్చటేస్తుంది – కవ్వం తిప్పడానికీ, బట్టలుతికే యంత్రం నడపడానికీ కూడా ఆ చక్రమే! కరెంటు రాని పల్లెల్లో ఇంటావిడ చాకిరీని మొదట పంచుకున్నది మొగుడు కాదు, మోటారు. ఒక రైతు భార్యని, ఇంట్లో స్నానాలతొట్టయినా లేదు, కారెందుకు కొన్నారమ్మా అని సర్కారువాళ్ళెవరో అడిగితే, తొట్టిలో కూర్చుని పట్నం వెళ్ళలేం కదా అందిట. ఆ రోజుల్ని గురించి అక్కడివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే ముచ్చట ఇది. నవ్వులాటగా ఉన్నా, నాలుగు గోడల మధ్య నలిగిన మనిషి మాట అది. మీకూ నాకూ వెంటనే అర్థమవుతుంది.

రైతులు కోసుకుంటున్నది చూసి కంపెనీ కళ్ళు తెరిచింది. 1917లో బరువు మొయ్యడానికి వీలైన చట్రం ఒకటి, ‘మోడల్ టిటి’ అని, 600 డాలర్లకి విడుదల చేసింది. పైన తొట్టి ఎవరిది వాళ్ళే కట్టించుకోవాలి. చివరికి 1925 ఏప్రిల్ 15న తొట్టితో సహా ఫ్యాక్టరీలోనే తయారైన మొదటి ఫోర్డ్ పికప్ వచ్చింది. ధర 281 డాలర్లు. మొదటి ఏడాదే సుమారు 34 వేల బళ్ళు అమ్ముడుపోయాయి.

మరి దాన్ని నడిపిందెవరు? ఇంటికి పెద్దాయన నాగలి వెనకో, ట్రాక్టరు మీదో ఉంటాడు. కోసిన పంట మరకి చేర్చాలన్నా, పాలక్యాన్లు రోడ్డుదాకా తీసుకెళ్ళాలన్నా ఉన్నది పిల్లలే. పన్నెండేళ్ళవాడు, పదమూడేళ్ళవాడు కాలికి పెడలందితే చాలు, నడిపేశాడు. లైసెన్సు మాటా? 1909లో పెన్సిల్వేనియా రాష్ట్రం పద్ధెనిమిదేళ్ళని హద్దు పెట్టింది గాని, పల్లెలెక్కువున్న రాష్ట్రాలు అంత తొందరపడలేదు. దక్షిణ డకోటాలో 1954 దాకా అసలు లైసెన్సే అక్కర్లేదు. పరీక్ష పెట్టింది 1959లో. ఇవాళ్టికీ అక్కడ పద్నాలుగేళ్ళకే షరతులమీద లైసెన్సిస్తారు. కాన్సాస్‌లో పొలంపనికని పద్నాలుగేళ్ళవాళ్ళకి ప్రత్యేకంగా అనుమతుంది. పుట్టినరోజు కానుకలాగా కనిపిస్తున్న ఈ తాళంచెవి, మొదట్లో కానుక కాదండీ – కొడవలి. పనిలో నీ వాటా నువ్వు చెయ్యమని చేతికిచ్చిన పనిముట్టు.

పిల్లాడూ ట్రక్కూ అంటే నవలలు చదివేవాళ్ళకి ఒక పేరు తప్పకుండా గుర్తొస్తుంది. స్టెయిన్‌బెక్ 1939లో రాసిన ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’. కరువుకీ, అప్పులకీ భూములు పోగొట్టుకున్న ఓక్లహోమా రైతు కుటుంబం, పాత హడ్సన్ కారు వెనకభాగం కోసి ట్రక్కుగా మార్చుకుని, ముసలీ ముతకా, పరుపులూ గిన్నెలూ అన్నీ అందులో వేసుకుని కాలిఫోర్నియాకి బయల్దేరుతుంది. ఆ బండి బాగోగులు చూసుకునేది ఇంట్లో కుర్రాడు ఆల్. వాడి వయసు పదహారు. దారి పొడుగునా వాడి చెవి ఇంజను చప్పుడు మీదే ఉంటుంది. తను చూసి కొన్న బండి, అది ఆగిపోతే నింద తనమీద పడుతుందని వాడి బెంగ. కాలేజీలో చదివినప్పుడు ఆ తల్లి కోసం ఏడ్చాను. ఈసారి లైబ్రరీలో కూర్చుని తిరగేస్తే, నాకు ఆ పిల్లాడి కోసం కళ్ళనీళ్ళొచ్చాయి. కుటుంబమంతా కూర్చున్న బండిని ఒక పసివాడి చెవి మోస్తోంది!

ఆ తర్వాత యుద్ధమొచ్చింది. 1942 ఫిబ్రవరిలో మామూలు జనానికి కార్లు తయారు చెయ్యడం ఆపేశారు. అంతకు ముందు నెల్లోనే టైర్లకి రేషను. మనిషికి అయిదు టైర్లకి మించి ఉండకూడదు. దేశమంతా గంటకి 35 మైళ్ళు దాటి నడపకూడదు. ఏడాది చివరికి పెట్రోలుకీ రేషను. కొత్తబండి దొరకనప్పుడు ఉన్న బండిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాలి కదా! బాగోగులు చూసుకోవడం అప్పుడు దేశభక్తి అయింది. పొలాల్లో మగవాళ్ళు సైన్యంలోకి పోతే, 1943 నుంచి ఆడవాళ్ళనీ, బడిపిల్లల్నీ సర్కారే పొలం పనులకి పిలిచింది. సెలవుల్లో లక్షలాది పిల్లలు వెళ్ళారు. ట్రాక్టర్లూ, ట్రక్కులూ ఆడవాళ్ళు తోలారు. అవసరమొచ్చినప్పుడు ఆడదాని చేతికి తాళంచెవి ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది చూశారా? యుద్ధం అయిపోగానే మళ్ళీ వంటింటి దారి చూపించారనుకోండి, అది వేరే సంగతి.

యుద్ధం తర్వాత 1947లో షెవర్లే, 1948లో ఫోర్డ్ కొత్త రకం పికప్‌లు తెచ్చాయి. ఈసారి వాటికి కాస్త సోకు కూడా వచ్చింది. పట్నం వాళ్ళకీ మనసయింది. 1963 చివర్లో ఇంకో తమాషా. అమెరికా కోళ్ళమీద యూరప్ దేశాలు పన్ను పెంచాయని కోపమొచ్చి, అమెరికా తిరిగి కొన్ని సరుకులమీద 25 శాతం పన్ను వేసింది. వాటిలో బ్రాందీ ఒకటి, బంగాళాదుంప పిండి ఒకటి, చిన్న ట్రక్కు ఒకటి! తక్కినవి కాలక్రమాన మాఫీ అయ్యాయి గాని ట్రక్కుల పన్ను ఉండిపోయింది. కోడి తగాదా పుణ్యమా అని బయటిదేశాల ట్రక్కులకి తలుపు సగం మూసుకుంది. అందుకే అక్కడ పాత పికప్ అంటే చాలామటుకు స్వదేశీ కంపెనీదే. పాతసామాను దుకాణాల్లో దాని భాగాలు కుప్పలుగా దొరుకుతాయి. గడ్డి కోసి సంపాదించుకున్న కుర్రాడికి అదో వరం.

ఇక నేర్పడం. 1917లో వచ్చిన ఒక చట్టం బళ్ళల్లో వ్యవసాయం, చేతిపనులు నేర్పడానికి డబ్బిచ్చింది. 1934లో పెన్సిల్వేనియాలో ఒక హైస్కూలు పిల్లలకి ఏమోస్ నేహార్ట్ అనే ప్రొఫెసరు కారు నడపడం పాఠంగా మొదలుపెట్టాడు. మా చిన్నోడి బళ్ళో కూడా వ్యవసాయ యంత్రాల క్లాసుంది. ఇంజను విప్పి బిగించడం చేతులకి గ్రీజు పూసుకుని మరీ నేర్పుతారు. 1928లో పెట్టిన రైతుబిడ్డల సంఘం ఒకటి ఈ క్లాసులకి వెన్నెముక. నీలం రంగు కార్డురాయ్ కోటు వేసుకుని పిల్లలు ఎంత గర్వంగా తిరుగుతారో! కాని ఆ దేశవ్యాప్త సంఘంలో ఆడపిల్లలకి సభ్యత్వం ఎప్పుడిచ్చారో తెలుసా? 1969లో. మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన ఏడాది! చంద్రుడూ, ఇదీ ఒకే ఏడాది సాధ్యమయ్యాయి. ఏది ఎక్కువ కష్టమైందో మరి.

లైబ్రరీ కట్టిపెట్టి ఇంటికి వస్తాను.

చిన్నోడి బండిసేవ చూస్తుంటే నాకు మా అమ్మమ్మ తులసికోట గుర్తొచ్చేది. ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తేవాడు. సన్నటి ఇనపకడ్డీ లోపల్నించి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీసి, ఆయిలు ఎంతవరకూ అంటిందో చూసేవాడు. రంగు చూసేవాడు, వేళ్ళమధ్య రాసి చూసేవాడు – అచ్చం మనం అరిసెల పాకం చూసినట్టే! బ్యాటరీ మొనలమీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వంటింట్లోకొచ్చి, “అమ్మా, వంటసోడా” అనేవాడు. నీళ్ళల్లో కలిపి పాత పళ్ళబ్రష్షుతో రుద్దితే బుసబుసా పొంగి శుభ్రమయ్యేది. టైర్లలో గాలి పొద్దున్న బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలిట. ఎండలో తిరిగొచ్చాక చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తుందిట.

బండి అరలో పుస్తకం ఉండేది. తారీఖు, ఎన్ని మైళ్ళు తిరిగింది, ఏం చేశారు, ఎంతయింది. మన పాలపద్దు, చాకలిపద్దు లాంటిదే. దస్తూరీ మాత్రం గుండ్రంగా, ముచ్చటగా ఉంది. వాడి రాత కోడిగీతలని నాకు తెలుసు.

“ఎవరు రాస్తార్రా ఇది?” అన్నాను.

“చెల్లి” అన్నాడు, అదేమంత విశేషం కాదన్నట్టు.

చెల్లికి పదమూడేళ్ళు. రాసేది అదే, బకెట్టు తెచ్చేది అదే, తొట్టి కడిగేది అదే, అద్దాలు తుడిచేది అదే.

ట్రక్కున్నవాడికి చుట్టాలెక్కువ. ఎవరిల్లు మారినా, ఎవరు సోఫా కొన్నా, మా చిన్నోడికే ఫోను. మనవాళ్ళ సంఘం ఉగాది చేస్తే గాడిపొయ్యిలాంటి స్టౌలూ, డేగిసాలూ, రెండు వందల మందికి పులిహోరా అన్నీ ఆ తొట్టిలోనే. నూరేళ్ళ కిందట పందులు మోసిన బండి జాతి, ఇప్పుడు తెలుగువాళ్ళ పులిహోర మోస్తోంది.

అలా ఒక శనివారం మధ్యాహ్నం, ఒక ఫంక్షన్‌కి తీసుకెళ్ళిన కుర్చీలూ, గిన్నెలూ వెనక్కి ఇచ్చేద్దామని నేనూ, చిన్నోడూ బయల్దేరాం. ఎండ చూస్తే మన రెంటచింతల ఎండ. కారుగదిలో చల్లగా ఉంది. నేను కూనిరాగం తీస్తున్నాను. ఉన్నట్టుండి వాడు చల్లమిషను కట్టేశాడు. కట్టేసి ఊరుకోలేదు, చలికాలంలో పెట్టుకునే హీటరు ఫుల్లుగా పెట్టాడు! నిప్పులగాలి మొహానికి కొట్టింది.

“నీకేమన్నా మతిపోయిందేమిట్రా!” అని అరిచాను.

“ఇంజను వేడెక్కుతోంది పెద్దమ్మా. హీటరు పెడితే ఆ వేడి కొంచెం ఇటు లాగుతుంది. ఒక్క నిమిషం ఓర్చుకో.”

జాగ్రత్తగా రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. ముందునించి తెల్లటి ఆవిరి. నేను నా మంచినీళ్ళ సీసా తీసుకుని దిగాను. అంత వేడిలో పాపం దానికి దాహం కాదూ! వాడు ఠక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. “మూత ఇప్పుడు తియ్యకూడదు. ప్రెషర్ కుక్కరు విజిలేస్తుంటే నువ్వు మూత తీస్తావా?”

అంతే, నోరు మూసుకున్నాను. వంటింటి భాషలో చెబితే ఏ శాస్త్రమైనా అర్థమవుతుంది.

రోడ్డుకి దూరంగా ఒక చెట్టునీడన గిన్నె బోర్లించుకుని కూర్చున్నాను. వాడు నిలబడే ఉన్నాడు. మొహం పాలిపోయింది. ఎండకి కాదు.

“మూడు రోజుల్నించి కింద పచ్చటి నీళ్ళ చుక్కలు కనిపిస్తున్నాయి పెద్దమ్మా. ఇంజను చల్లబరిచే మందు అది. నీళ్ళ పంపు కారుతోందని నాకు తెలుసు. నాన్నకి చెప్పలేదు.”

“ఎందుకు చెప్పలేదురా?”

“ఖర్చంటారు, భద్రం కాదంటారు, తాళంచెవి తీసుకుంటారు. వచ్చేవారం స్కూలు పని ఉంది. అది అయ్యాక చెబుదామనుకున్నాను. మొదటిరోజు చెప్పలేదుగా, రెండోరోజు ఇంకా కష్టమైంది.”

ఎంతమంది పెద్దవాళ్ళ కథ ఇది! మొదటిరోజు చెప్పని అప్పు, మొదటిరోజు చెప్పని జబ్బు, మొదటిరోజు చెప్పని అబద్ధం. చుక్కలు చుక్కలుగా కారినంతకాలం పైకి ఏమీ తెలీదు. ఒకనాడు నడిరోడ్డు మీద ఆవిరై లేస్తుంది.

“ఫోన్ చెయ్యి” అన్నాను. “నువ్వు చెయ్యి పెద్దమ్మా” అన్నాడు. మనసు కరిగింది గాని, చెయ్యలేదు. బండి వాడిది. ఆ మాటా వాడిదే కావాలి.

చేశాడు. దాచకుండా, మూడు రోజులన్న సంగతితో సహా చెప్పాడు. అవతల్నించి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత మా మరిది గొంతు నాకూ వినిపించింది. “పెద్దమ్మకేం కాలేదుగా? కదలకండి, వస్తున్నా.”

ఆ రాత్రి భోజనాల దగ్గర తాళంచెవి బల్లమీద పెట్టాడు చిన్నోడు, ఎవరూ అడగకుండానే. మా చెల్లెలు నా వంక చూసింది. నేను పచ్చడి వంక చూశాను. మా మరిది అన్నం కలుపుకుంటూ అన్నాడు: “షరతు షరతే. పంపు బాగుచేసేదాకా తాళంచెవి నా దగ్గర. రేపు పొద్దున్న బాగుచేద్దాం. నువ్వు చేస్తావు, నేను పక్కనుంటాను.”

తప్పుకి శిక్ష ఇదీ, నమ్మకం ఇదీ అని రెండూ ఒకే వాక్యంలో చెప్పిన తండ్రిని నేను నా నవలల్లో ఇంతదాకా రాయలేకపోయాను.

తెల్లవారి ఇల్లంతా గారేజీలోనే. విడిభాగాల దుకాణాల వాళ్ళు పనిముట్లు కొన్ని బాడుగ లేకుండా అరువిస్తారు; బయానా కట్టి తెచ్చుకున్నారు. ముందు ఆ పచ్చనీళ్ళు బేసిన్లోకి దించారు. తియ్యగా ఉంటుందిట, కుక్కలూ పిల్లులూ తాగితే చచ్చిపోతాయిట. అందుకని పాప బేసిన్‌కి కాపలా. తర్వాత బెల్టు తీసి, బోల్టులు ఊడదీసి, పాత పంపు బయటికి లాగారు. అది అతుక్కున్నచోట పాత అట్ట చారలు చారలుగా మిగిలిపోయింది. దాన్ని గీకి నున్నగా చెయ్యకపోతే కొత్త పంపు వేసినా మళ్ళీ కారుతుంది. మగవాళ్ళిద్దరి చేతులూ ఆ సందులో పట్టలేదు. పాప చెయ్యి పట్టింది. గంటసేపు కూర్చుని, అట్లకాడతో మాడు గీకినట్టు, ఓపిగ్గా గీకింది. సాయంత్రం బండి స్టార్టు చేసి అరగంట చూశారు. ఒక్క చుక్క లేదు.

మా మరిది తాళంచెవి చిన్నోడి చేతిలో పెట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు పాప నెమ్మదిగా అంది: “నాన్నా, మూడేళ్ళ తర్వాత ఈ ట్రక్కు నాదేనా?”

మా మరిది నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముద్దుగా నవ్వాడు. “నీకెందుకమ్మా ఈ మొరటు బండి? నీకు చక్కటి చిన్నకారు కొంటాలే.”

అది నవ్వలేదు. నల్లబడ్డ గోళ్ళు చూసుకుంటూ, “గీకింది నేను” అంది.

నాకు గుండెలో ఏదో కలుక్కుమంది.

తెనాలిలో మా ఇంట్లో లూనా ఉండేది. నేను ఇంటర్ చదివే రోజులు. దాన్ని రోజూ తుడిచేదాన్ని నేను. ఆదివారం కిరసనాయిలు గుడ్డతో చువ్వ చువ్వా తుడిచేదాన్ని. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో నాకు తెలుసు, ప్లగ్గు విప్పి గరుకుకాగితంతో రుద్దడం నాకు తెలుసు. తాళంచెవి మాత్రం అన్నయ్య దగ్గర. “ఒక్కసారి వీధి చివరిదాకా” అని అడిగితే, “ఆడపిల్లకెందుకే” అన్నారు నాన్నగారు. కసురుకోలేదు. ఆయనా ఇలాగే ముద్దుగా నవ్వారు. ఆ నవ్వు మీద తిరగబడ్డం నాకు చేతకాలేదు. కోప్పడితే కోప్పడొచ్చు గాని, ముద్దుచేస్తే ఏం చేస్తాం చెప్పండి?

ఆ సంగతే చెప్పాను. గారేజీలో, గ్రీజు వాసన మధ్య, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని. ఇంతవరకూ మావారికి కూడా చెప్పలేదు. చెప్పి, “మరిదిగారూ, తుడిచే చేతికి తాళంచెవి ఇవ్వని ఇళ్ళల్లో ఒకటి పెరిగినదాన్ని. ఆ రోజు నేను గీకింది నేనే అనలేకపోయాను. మీ పిల్ల అనగలిగింది” అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా చెల్లెలు కొంగు లేదు గనక, చేతిగుడ్డతో కళ్ళొత్తుకుంది. మా మరిది కాసేపు ఆలోచించి, “మూడు షరతులూ దానికీ ఉంటాయి వదినగారూ” అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

చిన్నోడు ఏమన్నాడో చెప్పనా? “అయితే మూడేళ్ళదాకా నేను దీన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి” అన్నాడు. తనది అనుకున్నప్పటికంటే, తర్వాత ఇంకొకరికి అప్పజెప్పాలి అనుకున్నప్పుడు వస్తువు మీద శ్రద్ధ పెరుగుతుంది కాబోలు.

నేను బెజవాడ తిరిగొచ్చి మూడు నెలలైంది. పోయిన సోమవారం మా వీధి చివర డ్రైవింగు స్కూల్లో పేరు రాయించుకున్నాను. నేర్పే కుర్రాడు నా జుట్టులో తెల్లవెంట్రుకలు చూసి, “ఎవరికండీ, మీ అబ్బాయికా?” అన్నాడు. “కాదు నాయనా, నాకే” అన్నాను. ఇప్పటికి రెండుసార్లు బండి ఆగిపోయింది, ఒకసారి ఒక గేదె నన్ను చూసి తప్పుకుంది.

నా సంగతికేం గాని, మీ ఇంట్లో బండి ఏదైనా సరే, రేపు పొద్దున్న ఒకసారి చూడండి. దాన్ని తుడుస్తున్నదెవరు? తాళంచెవి ఎవరి కొక్కేనికి వేలాడుతోంది?